జట్కాబావి కోసం అత్త వంటిల్లు తవ్వించిన కథ

ఇల్లు తవ్వి పోయాలంటే పెద్ద పెద్ద యంత్రాలు కావాలనుకుంటారు మీరు. అక్కర్లేదు. ఒక తెల్లకాగితం, ఒక నీలం స్కెచ్ పెన్ను, ఇంజనీరింగ్ మూడో ఏడాది వెలగబెడుతున్న వెధవ ఒకడు ఉంటే చాలు. ఆ వెధవను నేనే. ఇంకా గృహప్రవేశం కూడా కాని మా అత్త ఇంట్లో, ఆమె కళ్లముందే, ఆమె ఇచ్చిన కాఫీ తాగుతూ, మూడు చోట్ల గుంటలు తవ్వించిన ఘనుణ్ణి. నవ్వుకోండి, ఫరవాలేదు. మా పుంగనూరులో ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మీరు నలుగురు కలిసినంత మాత్రాన కొత్తగా పోయే పరువేమీ నా దగ్గర మిగల్లేదు.

ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్లో ఉన్నవాటి కంటే లేనివాటికే పేరు ఎక్కువ. బస్సు దిగి "గానుగ యాడప్పా?" అని అడగండి, చిన్నపిల్లవాడు కూడా చెయ్యి చూపిస్తాడు. పోయి చూస్తే గానుగ ఉండదు, సెల్‌ఫోన్ల అంగడి ఉంటుంది. ఆటో ఎక్కి "టూరింగ్ టాకీసు కాడ ఆపు" అంటే మారుమాట లేకుండా కల్యాణ మండపం ముందు ఆపుతాడు. కిరసనాయిలు డిపో అంటే బ్యూటీ పార్లరు. ఇక జట్కా స్టాండు అంటే, అక్కడ గుర్రం తోక వెంట్రుక కూడా లేదు కానీ, పేరు మాత్రం ఎవరూ వదిలిపెట్టలేదు.

నాకు చిన్నప్పటి నుంచీ ఇదొక పిచ్చి. లేనిదాన్ని గురించి ఎవరినైనా అడిగితే వాళ్ల ముఖం ఎట్లా మారిపోతుందో చూడటం నాకు భలే ఇష్టం. గానుగ ఎట్లుండేది అని అడిగితే, ఎద్దు కళ్లకు కట్టిన గంతల గుడ్డ రంగుతో సహా చెప్పేవాళ్లు. వేరుశెనగ నూనె వాసన బస్టాండు దాకా కొట్టేదట. గానుగ ఆగినప్పుడు వేడివేడి వేరుశెనగ చెక్క ముక్క, చిన్న బెల్లం ముక్క పిల్లల చేతిలో పెట్టేవాళ్లట. టూరింగ్ టాకీసులో ముందువాడి తల అడ్డం వస్తే కింద ఇసకను కుప్పగా పోసుకుని దానిమీద కూర్చునేవాళ్లట. వెనకవాడు అంతకంటే పెద్ద కుప్ప పోసేవాడట. సినిమా అయ్యేసరికి అందరూ గుట్టల మీద ఉండేవాళ్లట. ఇవన్నీ వింటుంటే, నేను పుట్టకముందే ఊరంతా పండగ చేసేసుకుని, ఆకులెత్తేశాక నన్ను పిలిచారేమో అనిపించేది.

అన్నిటికంటే నన్ను ఊరించింది జట్కాబావి. గుర్రాలు తాగడానికి పక్కనే రాతి తొట్టి ఉండేదట. ఆ నీళ్లతో కందిపప్పు ఉడికినంత మెత్తగా ఇప్పుడు ఏ నీళ్లతోనూ ఉడకదట. నీళ్ల మాట వచ్చేసరికి ప్రతి ముసలాయనా ఒకసారి పెదవులు తడుపుకునేవాడు. ఆ బావిని ఎప్పుడో మూసేశారు. సరే, ఎక్కడుండేది? ఆ ఒక్కటి అడక్కు. ఊరంతా తాగారు గానీ, చోటు చూపించేవాడు ఒక్కడూ లేడు.

అప్పుడు నేను మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో సివిల్ చదువుతున్నాను. సెలవులకు ఇంటికి వచ్చాను. అమ్మ కుప్పంలో మా అక్క కాన్పుకని పోయి నెల అయింది. నాన్న టమోటా లారీ తీసుకుని ఢిల్లీ దారిలో ఎక్కడో ఉన్నాడు. ఇంట్లో నేను, ఊరగాయ జాడీలు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు. నాకు పిల్లి దొరకలేదు కాబట్టి ఊరు పట్టుకున్నాను. పాత పుంగనూరు మొత్తాన్ని, పోయినవాటితో సహా, ఒక పటంగా గీస్తానని మా వీధి వాట్సాప్ గ్రూపులో ప్రకటించాను. నలభై మంది దండాలు పెట్టారు.

ఆదివారం టేపు, పుస్తకం పట్టుకుని టీ అంగడికి పోయాను. అక్కడ రెండు పెద్ద తలకాయలున్నాయి. ఒకటి సోడా తాత. ఒకప్పుడు గోలీసోడాలు అమ్మినాయన. రెండోది రిటైరైన డ్రిల్లు మాస్టరు.

"జట్కాలు నిలిచే చోటి నుంచి తూరుపుకు ఇరవై అడుగులేస్తే బాయి," అన్నాడు సోడా తాత. "రోజూ సోడాలకు నీళ్లు మోసినోణ్ణి నేను."

"నలభై," అన్నాడు డ్రిల్లు మాస్టరు. "రాసుకో సీనా. నాది కొలత తప్పని అడుగు. ఊరి పిల్లోళ్లందరి చేతా కవాతు చేయించినోణ్ణి."

"నీది ఉత్త చేతుల్తో ఊపుకుంటా పోయే అడుగు సామీ. భుజం మింద బిందె ఉంటే తెలుస్తాది, యా అడుగు ఎంతో."

"బిందె మోసినోడికి అడుగులు తక్కువ పడతాయా, ఎక్కువ పడతాయా? నువ్వే చెప్పు సీనా, ఇంజనీరువి గదా!"

అక్కడితో అయిపోలేదు. జట్కా స్టాండు ఎక్కడంటే సోడా తాత రోడ్డుకు ఈ పక్క చూపించాడు, డ్రిల్లు మాస్టరు ఆ పక్క చూపించాడు. ఇద్దరూ టీ గ్లాసుల మీద ఒట్టు పెట్టుకున్నారు. తెలివైనవాడైతే పుస్తకం మూసి ఇంటికి పోతాడు. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను కదా, సగటు తీశాను. ఈ పక్కకూ ఆ పక్కకూ సగం అంటే నడిరోడ్డు. జట్కా స్టాండును నడిరోడ్డు మీద నిలబెట్టాను. ఇరవైకీ నలభైకీ సగం ముప్పై. నడిరోడ్డు నుంచి ముప్పై అడుగులు కొలిచి నీలం స్కెచ్ పెన్నుతో ఒక సున్నా చుట్టి 'జట్కాబావి' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. చూసినవాళ్లకు సులువుగా ఉంటుందని ఇప్పటి ఇళ్లను ఎర్ర గీతలతో గీశాను. ఫోటో తీసి గ్రూపులో పెట్టి, పొగడ్తల కోసం ఎదురు చూస్తూ పెరుగన్నం తిన్నాను.

పొగడ్తల కంటే ముందు మా అత్త వచ్చింది.

మా అత్త పేరు రెడ్డెమ్మ. అమ్మకు తమ్ముడైన మా వెంకటప్ప మామ భార్య. ఆమె పుట్టిల్లు కుప్పం దగ్గర గుడుపల్లె. మామ మదనపల్లె టమోటా మండీలో పని చేస్తాడు. పెళ్లయినప్పటి నుంచీ వాళ్లు పదకొండు అద్దె ఇళ్లు మారారు. ఒక ఇంటివాళ్లు తిరగలి చప్పుడు చేయొద్దన్నారు, ఇంకొకళ్లు ఎండుచేపల వాసన అన్నారు, ఒకరైతే చుట్టాలు ఎక్కువ వస్తున్నారన్నారు. చివరికి మా వీధిలోనే, మాకు నాలుగిళ్ల అవతల, సొంత ఇల్లు కట్టుకున్నారు. శుక్రవారం గృహప్రవేశం. కార్డులు పంచేశారు. అద్దె ఇంటాయన శనివారానికల్లా ఖాళీ చేయమన్నాడు. ఆ శుక్రవారం దాటితే ఆషాఢం. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ సున్నా చుట్టాను.

ఫోనును, చచ్చిన ఎలుకను తోక పట్టి తెచ్చినట్టు, రెండు వేళ్లతో పట్టుకొచ్చింది అత్త.

"ఏమప్పా సీనా, ఈ నీలం సున్నా ఏంది?"

"జట్కాబాయి అత్తా! ఊర్లో ఎవురికీ తెలీకపోతే నేను కనిపెట్టినా."

"మంచిదే. ఈ ఎర్ర గీతలు?"

"ఇప్పటి ఇండ్లు."

"ఈ సున్నా యా ఇంట్లో పడింది?"

వంగి చూశాను. చేతిలో పెరుగన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది. "మీ ఇంట్లోనే అత్తా," అన్నాను.

"ఇంట్లో యా పక్క?"

"ఆగ్నేయం."

ఆగ్నేయం అంటే వంటిల్లు. పూడ్చిన బావి మీద పొయ్యి పెట్టడం మా వైపు ఎవరూ ఒప్పుకోరు. కింద గంగమ్మ, పైన నిప్పు. ఇద్దరికీ పడదు, ఆ ఇంట్లో ఏదీ నిలవదు అంటారు.

"అయ్యో నా కర్మమా!" అని అత్త గడపలోనే కూలబడింది. "పదకొండు ఇండ్లు మారి, పన్నెండో ఇల్లు బాయి మింద కట్టుకుంటిమి గదా! ఆ పొయ్యి మింద నేను పాలు పొంగించేది లేదు. మీ మామనే పొంగించుకోమను."

ఇప్పుడు చెప్పండి, అప్పుడు నేనేం చేయాలి? "అత్తా, అది ఉత్త సగటు, ఇద్దరు ముసలోళ్ల మధ్య తగువు తీర్చలేక వేసిన సున్నా" అని కాళ్లమీద పడాలి. అట్లా చేస్తే అక్కడితో పోయేది. కానీ నా పటం తప్పని నా నోటితో నేను చెప్పుకోవడమా? గడ్డపార తీసుకుని కొత్త ఇంటికి బయల్దేరాను.

వంటింట్లో టైల్స్ మీద గడ్డపారతో తట్టాను. ఒక చోట టక్కుమంది. ఇంకో చోట డొల్లుమంది. మామ, అత్త ఊపిరి బిగబట్టి నా ముఖం చూస్తున్నారు. జీవితంలో నా ముఖం వైపు ఎవరూ అంత శ్రద్ధగా చూసింది లేదు.

"డొల్లగా ఉండాది మామా," అన్నాను డాక్టరు గొంతుతో. "పూడ్చిన మన్ను దిగబడినట్టుండాది."

మేస్త్రి ఆ టైలు కింద సిమెంటు సరిగా పెట్టలేదన్నది తర్వాత తేలిన సత్యం. ఆ రోజుకు మాత్రం మామ ముఖం తెల్లబడిపోయింది. "తవ్వి సూద్దాం. ఉంటే ఏదో ఒగ శాంతి చేయిస్తాం, లేకుంటే మీ అత్తకు మనసు కుదుటపడతాది," అని ఇద్దరు కూలీలను పిలిపించాడు.

తవ్వారు. మోకాటి లోతు అయింది, నడుము లోతు అయింది. గొడ్డు మొరం, ఎవరూ ఎప్పుడూ తవ్వని గట్టి నేల. పారకు నిప్పురవ్వలు లేస్తున్నాయి. నేను టేపు పట్టుకుని "ఇంగొక అడుగు, ఇంగొక అడుగు" అంటున్నాను. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేము వంటిల్లు తవ్వి ఎలుకను కూడా పట్టలేదు.

ఈలోగా కబురు టీ అంగడికి చేరింది. డ్రిల్లు మాస్టరు వచ్చి గుంటలోకి తొంగిచూసి మీసం తిప్పాడు. "నేను నలభై అంటిని గదా! ముప్పై కాడ తవ్వితే యాడ దొరుకుతాది? హాలు మధ్యలో తవ్వండి." హాలు తవ్వారు. మొరం. వెనకాలే సోడా తాత వచ్చాడు. "ఇరవై కాడ సూడకుండా ఎట్లప్పా వదిలిపెడతారు?" ఇరవై కాడ అంటే దేవుడి గది ముందు. అదీ తవ్వారు. మళ్లీ మొరమే. మంగళవారం పొద్దుగుంకేసరికి ఆ కొత్త ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. గృహప్రవేశం కార్డు మీద అచ్చు వేయించిన 'మా స్వగృహమునందు' అన్న మాట చూసి మామ రెండుసార్లు దగ్గాడు.

అత్త మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఏడుపు చూసి నాకు నిజంగా సిగ్గేసింది. ఆమె ఆ వంటింట్లో ఊరగాయ జాడీలకు అరుగు ఎంత ఎత్తుండాలో పదిసార్లు చేత్తో కొలిచి చూపించడం నేను చూశాను. ఆ అరుగు ఇప్పుడు మట్టి కుప్ప కింద ఉంది.

చివరికి సోడా తాతకే జాలేసింది. "అడుగులెందుకప్పా? ఆ బాయిని మూసినోడు ఒగడు ఉండాడు. ఎర్రప్ప అని బాయిలు తవ్వేటోడు. రామసముద్రం పక్క పల్లెలో ఉంటాడు. బతికుంటే అడగండి," అన్నాడు. ఈ మాట ఆదివారమే చెప్పొచ్చు కదా అని అడిగితే, "నువ్వు బాయి యాడని అడిగినావు గానీ, మూసిందెవురని అడిగినావా?" అన్నాడు.

బుధవారం పొద్దున్నే బండి వేసుకుని పోయాను. ఎర్రప్ప బతికే ఉన్నాడు. ఇంటి ముందు కూర్చుని వేరుశెనగ కాయలు ఒలుస్తున్నాడు. ఎండిన చింతబరికెలాంటి మనిషి, చేతులు మాత్రం ఇంకా చేటలంత ఉన్నాయి. నేను కథంతా చెప్పాను. నీలం సున్నా చూపించాను. ఆయన ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి నాకే ఇచ్చాడు.

"జట్కాలు నిలిచే చోటి నుంచి కొలిస్తివా నాయనా?"

"అవును తాతా."

"పొద్దునవా, మజ్జాన్నవా?"

నాకు అర్థం కాలేదు.

"గుర్రానికి ఎండ పడదు గదా. పొద్దున ఈ పక్క నీడ, మజ్జానం పైన ఆ పక్క నీడ. జట్కాలు నీడతో పాటే రోడ్డు పొడుగునా జరుగుతాండె. ఒగ చోట నిలిచేదానికి అదేమన్నా రైల్వే స్టేషనా?"

సోడా తాత పొద్దున్నే నీళ్లకు పోయేవాడు. డ్రిల్లు మాస్టరు బడి వదిలాక పోయేవాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ రెండు నిజాలను కలిపి సగం చేసి, దాంట్లోంచి ఒక అబద్ధం తీసింది నేనే.

"మరి నీకెట్ల తెలుస్తాది తాతా?"

"బాయిని తవ్వినోడు మర్చిపోవచ్చు, మూసినోడు మర్చిపోడప్పా. మూసేముందు పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుంటిమి. గంగమ్మకు ఊపిరి ఆడాలని ఒగ ఇనప గొట్టం కూడా నిలబెడితి. పోదాం పద."

బండి వెనక కూర్చుని వచ్చాడు. మా వీధిలో దిగి, ఇళ్ల వైపు చూడలేదు, రోడ్డు వైపు చూడలేదు, తలెత్తి కొండ వైపు చూశాడు. "అద్దో, రెండు గుండ్లుండాయి సూడు. పెద్దది ముందర, చిన్నది వెనకాల. బాయి కాడ నిలబడితే చిన్న గుండు పెద్దదాని వెనక దాక్కుంటాది. మేమట్ల గుర్తు పెట్టుకుంటాము. ఇండ్లు పోతాయి, మాన్లు పోతాయి. కొండను ఎవురూ ఎత్తుకపోరు గదా." మూడేళ్లుగా నేను కాలేజీలో బట్టీ కొడుతున్న సర్వేయింగ్ పాఠం సరిగ్గా ఇదే.

ఎర్రప్ప కొండ మీద చూపు తీయకుండా పక్కపక్కకు నడవసాగాడు. వెనక నేను, మామ, అత్త, డ్రిల్లు మాస్టరు, సోడా తాత, ఇంకా సగం వీధి. మామ ఇల్లు వచ్చింది. అత్త కళ్లు మూసుకుంది. ఎర్రప్ప ఆగలేదు, ఇల్లు దాటేశాడు. "గంగమ్మ తల్లీ!" అని అత్త అక్కడే చేతులెత్తి దండం పెట్టింది. ఇంకో ఇల్లు దాటాడు. ఇంకో ఇల్లు దాటాడు. ప్రతి ఇంటి ముందూ ఆ ఇంటివాళ్లు గుండె పట్టుకోవడం, ఆయన దాటాక ఊపిరి వదలడం. నాకైతే భలే సరదాగా ఉంది. ఈ బావి ఎవడి నెత్తిన పడుతుందో అని ముందుకు ముందుకు పోయి చూస్తున్నాను.

ఎర్రప్ప మా ఇంటి దగ్గర తిరిగాడు. గేటు తీశాడు. వసారా దాటాడు. హాలు దాటాడు. నేరుగా వంటింట్లోకి పోయాడు.

అమ్మ గృహప్రవేశానికని అప్పుడే కుప్పం నుంచి వచ్చి, వచ్చీ రాగానే పొయ్యి మీద ఎసరు పెట్టి సంగటి కెలుకుతోంది. ఒక ముసలాయన, ఆయన వెనక ఊరేగింపు లోపలికి వస్తే తెడ్డు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

"కొంచెం జరుగు తల్లీ," అన్నాడు ఎర్రప్ప. కిటికీలోంచి కొండను చూశాడు. ఒక్క పెద్ద గుండే కనిపిస్తోంది. బియ్యం డ్రమ్మును పక్కకు నెట్టాడు. మూలన జానెడు పొడుగు ఇనప గొట్టం నేలలోంచి పైకి లేచి ఉంది. మేము దాంట్లో ఎప్పుడూ కవ్వం, అప్పడాల కర్ర నిలబెట్టుకుంటాం. అది గొట్టమని తెలుసు గానీ, ఎందుకుందో నేను ఇరవై ఏళ్లలో ఒక్కసారీ అడగలేదు.

"ఇదే నాయనా జట్కాబాయి," అన్నాడు ఎర్రప్ప. ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి దండం పెట్టుకున్నాడు.

పొయ్యి మీద సంగటి గుబుక్కు గుబుక్కుమంటోంది.

"అమ్మా, మన పొయ్యి కింద బాయి ఉండాదంటమ్మా!" అన్నాను.

"అవును. దానికేమి ఇప్పుడు?" అంది అమ్మ. "ఇల్లు కట్టేటప్పుడే మీ నాయన చెప్పినాడు. పొయ్యి యాడ పెట్టాలంటే, ఆ నీళ్లతో అంత బాగా పప్పు ఉడికేది గదా, అదే తావ పెట్టమంటిని."

"తెలిసి నాకు యాల చెప్పలేదు?"

"నువ్వు అడిగితే గదా! దినామూ ఫోను చేస్తివి. ఊరగాయ యాడుండాది అంటివి, నెయ్యి యాడుండాది అంటివి, తువాలు యాడుండాది అంటివి. బాయి యాడుండాది అని ఒగ దినమన్నా అడిగినావా? టీ అంగట్లో మీసాలున్నోళ్లనందరినీ అడిగితివంట!"

మామ గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. డ్రిల్లు మాస్టరు చూపు తిప్పుకున్నాడు. అత్త మాత్రం నవ్వలేదు. ఆమెకు ఇంకా ఒక అనుమానం తీరలేదు. మెల్లగా అమ్మ దగ్గరికి పోయి అడిగింది.

"అది సరే వదినా, ఇన్నేండ్లుగా పూడ్చిన బాయి మింద పొయ్యి పెట్టుకోని వండుతాండావే. మీ ఇంటికి ఏ కీడూ కాలేదా?"

అమ్మ ఆలోచించింది. తల నుంచి కాలి దాకా మొరం దుమ్ముతో, చేతిలో టేపుతో నిలబడ్డ నన్ను ఒకసారి తేరిపార చూసింది. తెడ్డును గిన్నె అంచుకు కొట్టి ఒక నిట్టూర్పు విడిచింది.

"ఏమీ కాలేదని ఎట్ల చెప్పేది రెడ్డెమ్మా? పొయ్యి పెట్టిన ఏడాదే వీడు పుట్టె."

అప్పుడు నవ్వింది మా అత్త. మూడు రోజుల ఏడుపు మొత్తం నవ్వుగా మారి, కడుపు పట్టుకుని, గొట్టం పక్కనే కూలబడి నవ్వింది. గురువారమంతా నేను, కూలీలు కలిసి గుంటలు పూడ్చాం. టైల్స్ అదే రంగువి దొరక్క మూడు చోట్ల వేరే రంగువి వేశారు. శుక్రవారం ముహూర్తానికి అత్త తన వంటింట్లో పాలు పొంగించింది. గృహప్రవేశానికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఆ మూడు అతుకులూ చూపించి, ఏ అతుకు ఎవరి అడుగుల లెక్కో, దేనికెంత లోతు తవ్వామో పూసగుచ్చినట్టు చెప్పింది. వచ్చినవాళ్లు అక్షింతలు వేసి, పక్కకు తిరిగి నన్ను చూసి పోయారు.

ఇదీ కథ. వంటింట్లో బావిని పెట్టుకుని ఊరంతా తవ్వినట్టు అని మా వీధిలో కొత్త సామెత పుట్టింది. అందుకే ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి, కొండ మీది రెండు గుండ్ల సాక్షిగా ఆ రోజే ప్రమాణం చేశాను. ఒకటి, ఇద్దరు పెద్దమనుషులు చెప్పిన మాటలకు సగటు తీయను. రెండు, పటంలో పొరపాటున కూడా ఎర్ర గీతలు గీయను. మూడోది అన్నిటికంటే పెద్దది. ఇప్పుడు నేను కుప్పంలో ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఊళ్లో కూడా పోయినవాటి గురించి నోరూరించే మాటలు చెప్పే ముసలివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ వాళ్లలో ఏ ఒక్కరినీ, ఏ ఒక్క ప్రశ్నా, వాళ్ల వంటింట్లో ఉన్న పెద్దావిడను ముందుగా అడగకుండా, నేను అడగను గాక అడగను.